రాక్షసుడికి నేను పెట్టిన మాటలు

మా భజన మండలిలో ఒక ఆచారం ఉంది. నూలు పున్నమి, అంటే రాఖీ పున్నమి నాడు ఆట అయిపోయాక, రాక్షసుడి వేషం కట్టినవాని ముఖం మీది రంగును ఆ ఆటకు మాటలు రాసినవాడే తుడవాలి. తడిపిన కోరా గుడ్డతో నుదుటి మీద ఒకసారి, రెండు చెంపల మీద ఒక్కోసారి, మొత్తం మూడుసార్లు. తుడుస్తూ ఒక మాట అనాలి: "మాట నాది, గొంతు నీది. దోషం నాకు, దండం దేవునికి." తర్వాత ఇద్దరూ కలిసి సాష్టాంగపడాలి. అంతవరకు ఆ వేషగాడు గర్భగుడి వైపు చూడడు, ప్రసాదం ముట్టడు.

ఈ ఆచారం నాకు మా గురువు ఇచ్చాడు. ఆయన సిరిసిల్ల వైపు నుంచి మాకంటే ముందే సూరత్ వచ్చిన నేతగాడు. వారమంతా సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి, శనివారం మాకు పురాణం చదివి అర్థం చెప్పేవాడు. "రాక్షసుని నోట్ల మాట పెట్టేది ఎవరు? మనమే గద. పెట్టినంక చేతులు దులుపుకుంటే ఎట్ల?" అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. ఆయన పోయాక పీట నాకు వచ్చింది. పురాణం చదివే పని, ఆటకు మాటలు కట్టే పని, ఆ మూడు తుడుపులు అన్నీ నాకే వచ్చాయి. తుడిచేటప్పుడు నా మనసు ఎక్కువగా పులిహోర అందరికీ సరిపోతుందా లేదా అన్నదాని మీదే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

పదేళ్ళకు పైగా మా ఆటలో రాక్షసుడు ఒక్కడే. కడోదరాలో సాంచలు నడిపేవాడు, ఉన్ అనే బస్తీలో రెండు గదుల ఇంట్లో ఉండేవాడు, నాకు వరసకు తమ్ముడు. సాంచల మోతలో ఒకరికొకరు వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి మా అందరి గొంతులూ పెద్దవే. కానీ అతని గొంతు వేరు. గుడి గంట కొట్టి వదిలాక మిగిలే మోతలాగా ఉండేది. మనిషి మాత్రం ఎంత మెత్తనివాడంటే, ఆటలో తిట్టాల్సిన తిట్టు ముందురోజే నాకు చెప్పి, "అన్నా, గిది జర ఎక్కువైతలేదా?" అని అడిగేవాడు. "రాక్షసుడు తిట్టకపోతే దేవుడెందుకు వస్తడు రా?" అనేవాణ్ణి. అతను నవ్వి వెళ్ళి రంగు వేసుకునేవాడు.

అతని భార్య నాకు వంత. నేను పీట మీద కూర్చొని పాదం చదివితే, ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చొని దాన్ని అందుకొని తిరిగి పాడేది ఆమే. నేను ఎక్కడ ఊపిరి తీసుకుంటానో ఆమెకు తెలుసు. ఒకసారి నేను పాదం మర్చిపోతే, ఎవరికీ తెలియకుండా తానే ముందు పాడి నన్ను దాటించింది. చివర హారతి పళ్ళెం పట్టేదీ ఆమే. ఇదంతా మేము ఎప్పుడూ తీర్మానం చేసుకున్నది కాదు. అలా జరుగుతూ వచ్చింది.

మొదటి లాక్‌డౌన్‌లో గుడి మూశారు. సాంచలు ఆగాయి. మా మండలిలో సగం మంది దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు పోయారు. మిగిలినవాళ్ళం శనివారం ఫోన్‌లో కలిసేవాళ్ళం. నేను చదివి గ్రూపులో పెడితే, ఆమె వంత పాడి పెట్టేది. వెనక నుంచి కుక్కర్ కూత వినబడేది. "దేవుడు పప్పు ఉడికేదాక ఆగుతడు బావా, ఏం కాదు" అని కింద ఒక మాట పంపేది. ఆ ఏడాది నూలు పున్నమికి ఆట లేదు.

మరుసటి ఏడాది రెండో వేవ్‌లో తమ్ముడు పోయాడు. దగ్గు వచ్చిన వారం రోజులకే. ఆమెకు ఆసుపత్రి గేటు దగ్గర నుంచి ఒక సంచి చూపించారు. అది అతనే అనుకొని దండం పెట్టాలి, అంతే. పన్నెండో రోజుకు ఇంట్లో నలుగురం కూడా లేము. నేను ఫోన్‌లో గీత చదివాను. ఆమె వంత పాడలేదు. పాడుతుందని నేను ఎదురుచూశానా అంటే, చూశాను.

వేవ్ తగ్గి, గుడిలో కొద్దిమందిని రానిచ్చే రోజులు వచ్చాక ఆమె ఒక శనివారం వచ్చింది. ఎప్పటి చోటే కూర్చుంది. హారతి వేళకు మా మండలి పెద్దాయన, గుడి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి, పళ్ళెం తీసి తన భార్య చేతిలో పెట్టాడు. పెట్టి, ఎవరి వైపూ చూడకుండా గంట కొట్టడం మొదలుపెట్టాడు. ఆమె సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. నేను పీట మీదే ఉన్నాను. ఒక్క మాట అనివుంటే సరిపోయేది. నాకు ఆ క్షణం తోచిన ఆలోచన ఇది: ఇప్పుడెందుకు గొడవ, వచ్చే వారం చూద్దాం. వచ్చే వారం కూడా అదే అనుకున్నాను.

నా మనసులో అది ముల్లులా ఉండబట్టే ఆ ఏడాది ఆట రాశాను. అప్పుడు నేను నమ్మింది అది. ఆమెకు నేను నోటితో చేయలేని న్యాయం ఆటలో చేస్తానని. కథ ఇది: ఒక పట్టణానికి రోగం రూపంలో ఒక రాక్షసుడు వస్తాడు. గుడి తలుపులు మూయిస్తాడు. మొగుడు చనిపోయిన ఒక నేతగత్తె దేవుడికి రోజూ జానెడు బట్ట నేసి తీసుకొస్తుంది. రాక్షసుడు గడప మీద ఆమెను ఆపి నానా మాటలంటాడు. చివరికి దేవుడే లోపలి నుంచి తలుపు తెరుచుకొని బయటకు వచ్చి, ఆ బట్టను తలకు చుట్టుకుంటాడు. రాస్తున్నప్పుడు ఏడ్చాను. నా భార్య చూసి, "గంత ఏడుపు ఉంటే పోయి ఆమెను పలకరించి రారాదు?" అంది. పని ఉందన్నాను.

గుంపు కూడనిచ్చే రోజులు కావు కాబట్టి, ఎవరి పాత్ర వాళ్ళు ఇంట్లో చదివి ఫోన్‌లో పంపాలని, అన్నీ వరసగా గ్రూపులో పెట్టాలని అనుకున్నాం. రాక్షసుడు లేడు. ఆ గొంతు ఎవరికీ లేదు. అందుకని నేనే చదివాను. గది తలుపు వేసుకొని, నోటికి ఇత్తడి చెంబు అడ్డం పెట్టుకొని, మోత వచ్చేలా.

ఆ మాటలు ఇక్కడ రాయాలి. రాయకపోతే నేను చెప్పేది అర్థం కాదు.

"బొట్టు లేని మొఖమేసుకొని పొద్దుగాల్నే ఎదురొస్తవా? నీ నీడ సోకిన గడపల నిప్పు నిలుస్తదా, నీళ్ళు నిలుస్తయా? మొగుణ్ణి మింగినా కడుపు నిండక, దేవుణ్ణి మింగ వచ్చినవా?"

దేవుడి పాత్ర పెద్దాయన చదివాడు. దానికి నేను రాసింది చాలా పెద్ద సంభాషణ. భక్తి గురించి, నేతలో పడుగూ పేకా గురించి, ఎవరి కన్నీరు ఎక్కడ చేరుతుందన్నదాని గురించి. పున్నమి నాడు గ్రూపులో అన్నీ పెట్టాం. సాయంత్రానికి మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. "రాక్షసుడు దుమ్ము లేపిండు." "రాక్షసుడే నిలిచిండు కాకా, దేవుడు ఆగం." పెద్దాయన కూడా ఫోన్ చేసి, "నా ముక్క ఎవలూ ఇన్నట్టు లేరు. నువ్వు ఒక్క చెంబుతోని నా దేవుణ్ణి ముంచినవ్ పో" అని నవ్వాడు. నేను వద్దు వద్దంటూనే ఆ మాటలను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ ఏడాది రంగు లేదు, కాబట్టి తుడుపు లేదు. "మాట నాది, దోషం నాకు" అన్న ముక్క చదివి పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. తోచినా తేడా ఉండేదా అనేది వేరే సంగతి. ఎందుకంటే ఆట మొత్తం ఎవరూ పంచలేదు. రాక్షసుడి ముక్క ఒక్కటే ఫోన్ నుంచి ఫోన్‌కు పోయింది. ఉన్‌లో సాంచల మీద పనిచేసే మగవాళ్ళ గదుల్లో అది ఆడుకునే మాట అయింది. షిఫ్టు పాళీ మారేటప్పుడు ఒకడు ఎదురొస్తే ఇంకొకడు, "పొద్దుగాల్నే ఎదురొస్తవా?" అని గొంతు పెద్దది చేసి అనడం, అందరూ నవ్వడం.

ఆమె చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. తెచ్చుకున్న చీరల మూట పని పూర్తయ్యాక తిరిగి ఇచ్చిరావాలి. ఒక ఉదయం మూటతో వెళ్తుంటే, చాయ్ బండి దగ్గర కూర్చున్న ఒకతను నవ్వుకోవడానికి తన ఫోన్‌లో ఆ ముక్క పెట్టాడట. ఆమె కోసమే పెట్టాడో, ఊరికే పెట్టాడో తెలియదు. అందరూ ఆమె వైపు చూశారు. నా గొంతు, చెంబులోంచి, వీధిలో.

ఈ సంగతి నాకు నా భార్య చెప్పింది. చెప్పి, "నీ రాక్షసుడు ఉన్ గల్లీలల్ల తిరుగుతుండు. ఇంటికి తోలుకరాపో" అంది.

ఆ శనివారం ఆమె రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. నేను చదివిన పాదం అందుకోవడానికి ఎవరూ లేక, మగవాళ్ళే గజిబిజిగా పాడారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడో వారం నా పని దినం మానేసి ఉన్ వెళ్ళాను. దారి పొడవునా నేను సిద్ధం చేసుకున్నది మా పురాణ విద్యే. రాక్షసుడు దేవుణ్ణి తిట్టినా అది భక్తి కిందికే వస్తుందని పెద్దలు చెప్తారు. శత్రువై తలుచుకున్నవాడు కూడా తలుచుకున్నవాడే. తిట్టిన నోటికే మోక్షం దొరికిన కథలు ఎన్ని లేవు. తిట్టు రాసిన ఋషిని ఎవరన్నా తప్పు పట్టారా? ఇలా అడుగుదామనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. నేను వెళ్ళింది ఆమెను ఓదార్చడానికి కాదు, నేను తప్పు చేయలేదని ఆమెతో అనిపించుకోవడానికి.

తలుపు తెరిచే ఉంది. ఆమె నేల మీద చీర పరుచుకొని, జిగురు గొట్టం చేతిలో పట్టుకొని కూర్చుంది. లేవలేదు.

"రండ్రి బావా. ఆడ కూసోండ్రి. చీర తొక్కకుండ్రి, జిగురు ఆరలేదు."

గోడ పక్కన కూర్చున్నాను. గోడ మీద అతని ఫోటో, దానికి ప్లాస్టిక్ దండ. ఫోటో ఆటలోది కాదు, ఎక్కడో పెళ్ళిలోది.

"అక్క బాగున్నదా?" అని నా భార్య గురించి అడిగింది.

"బాగుంది. నువ్వు భజనకు వస్తలేవని..."

"అదొక్కటే తక్కువైందా?" తల ఎత్తకుండానే ఒక రాయి తీసి బుట్టా మధ్యలో అంటించింది.

నా విద్య మొదలుపెట్టాను. ఆట పూర్తిగా విన్నావా అమ్మా అని అడిగాను. చివరికి గెలిచేది ఆ నేతగత్తే అన్నాను. దేవుడే ఆమె బట్టను తలకు చుట్టుకుంటాడన్నాను. ఆమె విన్నది. నేను ఆగేదాకా నాలుగైదు రాళ్ళు అంటించింది.

"మొత్తం ఇన్న బావా. రెండుసార్లు ఇన్న. దేవుని మాటలు నాకు ఎరుకే. అన్నీ మీరు శనివారం చదివేవే. గీ ముక్క భాగవతంల కెళ్ళి, గీ ముక్క గీతల కెళ్ళి అని నేను చెప్పగలుగుత. పదేండ్లు మీ ఎనక పాడిన." గొట్టం పక్కన పెట్టింది. "రాక్షసుని మాటలు ఏ పుస్తకంల లేవు. అవి యాడికెళ్ళి తెచ్చిండ్రు?"

నాకు వెంటనే జవాబు దొరికింది. "గల్లీలల్ల జనం అనేవే రాసిన అమ్మా. అట్ల అనేటోళ్ళు రాక్షసులని చూపెట్టడానికే."

"జనం అంటరు. ఎందుకనరు. ముఖం తిప్పుకుంట ఒక ముక్క అంటరు. నోరు అట్ల తెరిచి మూస్తరు. మీరు మూడు ముక్కలు ఒక్క తాన కూర్చిండ్రు. నిప్పు, నీళ్ళు అని ప్రాస గూడ కట్టిండ్రు. గల్లీ వాళ్ళకు గంత చక్కగ తిట్టుడు రాదు బావా. ఇప్పుడొచ్చింది. మీరు నేర్పిండ్రు."

నేను తాకాలు, అంటే బట్ట చుట్టలు, చూసేవాణ్ణి. సాంచల నుంచి దిగిన బట్టను బల్ల మీద గుంజుతూ, ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ మరక పడింది అని వెతికి సుద్దతో గీత పెట్టడమే నా పని. మంచి బట్ట నా కళ్ళ ముందు నుంచి జారిపోతుంది, తప్పు దగ్గరే చెయ్యి ఆగుతుంది. ఆమె మాట్లాడుతుంటే నా ఆట నా ముందు నుంచి అలాగే జారింది. దేవుడి సంభాషణ అంతా రెండు రోజుల్లో, పుస్తకాలు తిరగేసి, తుడిచి తుడిచి రాశాను. రాక్షసుడి మూడు ముక్కలు చాయ్ తాగుతూ ఒక్క ఊపులో రాశాను. ఒక్క అక్షరం దిద్దలేదు.

"నాకు తెలియకుండనే..." అన్నాను.

"తెలియకుండ ఎట్లుంటది. మీకు యాదికి లేదు గావచ్చు. టీకా ఏయించుకోను పోతుండ్రి గద, ఒక నాడు పొద్దున. మీరు, అక్క ఇద్దరు. నేను మూట పట్టుకొని మీ గల్లీల కొచ్చిన."

యాదికి ఉంది. గడప దాటుతుంటే ఆమె మూటతో ఎదురొచ్చింది. నా కాళ్ళు వాటంతట అవే ఆగాయి. నేను, "అరె, మాస్క్ మర్చిపోయిన" అని పైకి అని, వెనక్కి తిరిగి లోపలికి పోయాను. కూర్చొని నీళ్ళు తాగి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ బయలుదేరాను. మా అమ్మ చేసేది అది, వాళ్ళ అమ్మ చేసేది. శకునం బాగా లేకపోతే కూర్చొని నీళ్ళు తాగి పోవాలని. ఆమె అప్పటికి వెళ్ళిపోయింది. నేను దాన్ని ఆ రోజే మర్చిపోయాను.

"మాస్క్ మీ మెడకే ఉండె బావా" అంది ఆమె.

నా చెయ్యి మెడ దగ్గరికి పోయింది.

"ఆ నాడు మీరు నోటితోని ఏమనలే. అనేటి మనిషి గాదు మీరు. పాపం, అబద్ధం గూడ సరిగ ఆడరాదు మీకు. అప్పుడు అననిది రాక్షసునికి ఇచ్చిండ్రు. గంతే." అని మళ్ళీ జిగురు తీసుకుంది.

సిద్ధం చేసుకున్న విద్యలో ఏం మిగిలిందో వెతికాను. ఒక్కటి కనబడింది, అది నాకు వ్యతిరేకంగానే ఉంది. పురాణాల్లో రాక్షసుడు తిట్టేది దేవుణ్ణి. దేవుడు ఎంత తిట్టినా తట్టుకుంటాడు, తిట్టినవాణ్ణి తనలో కలుపుకుంటాడు. నా రాక్షసుడు దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. భర్తను పోగొట్టుకొని, సంచికి దండం పెట్టి వచ్చిన మనిషిని అన్నాడు. అది ఏ భక్తి కిందికీ రాదు.

"ఆ ముక్కలు తీసేస్త" అన్నాను. "వచ్చే శనివారం నుంచి పళ్ళెం నీకే ఇమ్మని పెద్దాయనకు చెప్త. ఇయ్యకపోతే నేను పీట మీద కూసోను."

ఆమె మొదటిసారి నా ముఖంలోకి చూసింది. కోపం ఉంటుందనుకున్నాను. అలసట ఉంది.

"మీ పాపం కడుక్కోను నా చేతిల పళ్ళెం పెడుతరా? ఆ నాడు నేను సగం లేచి కూసుంటె చూసిండ్రు గద. మీరు పీట మీదకెళ్ళి నన్నే చూస్తుండ్రి. ఇప్పుడెందుకు." మళ్ళీ చీర మీదికి వంగి, "ముక్కలు గూడ తీసెయ్యకుండ్రి. తీసేస్తే ఎవలూ అననే అనలేదన్నట్టయితది. అన్నరు. అననీ."

"మరి ఏం జెయ్యాలె?"

ఆమె గోడ మీది ఫోటో చూసింది.

"ఆయనకు పదేండ్లు రంగు పూసిండ్రు. ఎన్ని తిట్లు పెట్టిండ్రు ఆయన నోట్ల. మీరు మూడుసార్లు తుడిచి, దోషం నాకు అని పులిహోర కాడికి పోయేటోళ్ళు. ఆయన అట్లనే ఇంటికొచ్చేటోడు. నుదురు, చెంపలు తెల్లగ, తక్కిందంత ఎర్రగ. నేను కొబ్బరినూనె పెట్టి, సున్నిపిండి పెట్టి తుడుస్తుంటి. చెవుల ఎనక, మెడ మడతలల్ల, కంటి మూలలల్ల. మూడు రోజులు పోకపోయేది. దిండుకు అంటేది. 'అన్న మాటలు గట్టియే, నాకు అతుక్కుపోతున్నయ్' అని నవ్వేటోడు." ఆమె నవ్వలేదు. "మళ్ళ ఆట కట్టిన నాడు మీరే ఆడుండ్రి రాక్షసుణ్ణి. రంగు ఏసుకోకుండ్రి. చెంబు గూడ వద్దు. మీ ముఖంతోని, మీ గొంతుతోని అనుండ్రి. అందరు చూడాలె ఎవలు అంటున్నరో. తుడువనీకి నేనైతే లేను."

చాయ్ తాగి పొమ్మంది. తాగాను. లేచేటప్పుడు చీర అంచు తొక్కాను. జిగురు చెప్పులేని కాలికి అంటుకుంది. ఆమె "చెప్పిన గద" అని తడిగుడ్డ నా వైపు విసిరింది.

ఆ తర్వాత సంవత్సరం దాకా ఆమె భజనకు రాలేదు. నేను పీట మీద కూర్చుంటూనే ఉన్నాను. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. మానేస్తే అది కూడా మాస్క్ మర్చిపోయినట్టే ఉంటుందని ఆగిపోయాను. ఆ ఏడాదంతా పుస్తకాలు వెతికాను. మా గురువు ఇచ్చినవి, నేను కొన్నవి, పెద్దాయన ఇంట్లో బీరువాలో ఉన్నవి. హారతి పళ్ళెం ఫలానా ఆమె పట్టరాదని దేవుడి నోట ఎక్కడైనా ఉందా అని. నాకు కనబడలేదు. ఎదురొస్తే తిరిగి కూర్చొమ్మని కూడా దేవుడి నోట కనబడలేదు. అదంతా మనం పెట్టిన మాట.

మాస్కులు తగ్గి, గుడి పూర్తిగా తెరిచిన ఏడాది నూలు పున్నమికి అదే ఆట కడదామని పెద్దాయనతో అన్నాను. రాక్షసుణ్ణి నేనే, రంగు లేకుండా అన్నాను. ఆయన నా కళ్ళద్దాల వైపు చూసి, "రంగు లేని రాక్షసుడు ఎట్లుంటడయ్యా? కార్ఖానా గుమస్తా లెక్క ఉంటవ్. జనం నవ్వుతరు" అన్నాడు. నవ్వనీయండి అన్నాను. ఆట సంగతి చెప్పిరమ్మని నా భార్యను ఆమె ఇంటికి పంపాను. "చెప్పిన. సరే అన్నది. వస్త అనలేదు" అని వచ్చి చెప్పింది.

పున్నమి నాడు మధ్యాహ్నం జంధ్యాలు మార్చుకున్నాక ఆట మొదలైంది. నేను చొక్కాతో, కళ్ళద్దాలతో గడప దగ్గర నిలబడ్డాను. నేతగత్తె వేషం కట్టిన మనిషి బట్ట పట్టుకొని వచ్చాడు. జనం నవ్వారు. ఆమె అప్పుడే లోపలికి వచ్చింది. చెప్పులు విడిచి, ఆడవాళ్ళ వరసలో తన చోటు దాకా నడిచింది. ఆ చోట్లో కూర్చున్నావిడ పక్కకు జరిగింది. ఆమె కూర్చొని నా వైపు చూసింది.

ఆ మాటలు అన్నాను. చెంబు లేకుండా నా గొంతు చిన్నది. మొదటి ముక్కకు వెనక మగవాళ్ళలో ఎవరో అలవాటుగా నవ్వారు. రెండో ముక్కకు ఎవరూ నవ్వలేదు. మూడో ముక్క అంటుంటే ఆమె కళ్ళు దించలేదు, నేను దించకూడదని పట్టుకొని అన్నాను. ఏ పండితుడి ముందు చదివినా నా నాలుక అంత బరువుగా కదలలేదు.

అక్కడ ఆట ఆపాను. అది ఆటలో లేదు. "ఈ మాటలు ఏ పుస్తకంలవి కావు. నావి" అని చెప్పాను. టీకాకు పోయిన రోజు, మాస్క్, మంచినీళ్ళు చెప్పాను. పళ్ళెం చేతులు మారిన రోజు పీట మీద నోరు మూసుకొని కూర్చున్నానని చెప్పాను. ఏడాదిగా వెతికితే ఏం దొరకలేదో చెప్పాను. పెద్దాయన దగ్గాడు. నా భార్య కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎవరో ఒకరు ఏదైనా అంటే బాగుండునని నాకు అనిపించింది. అదీ ఒక ఆశే కదా అని దాన్ని కూడా దిగమింగుకున్నాను. తర్వాత దేవుడు వచ్చి ఆట ముగించాడు. ఆ సంభాషణ చాలా పొడుగు ఉందని ఆ రోజు తెలిసింది.

హారతి వేళకు పెద్దాయన భార్య పళ్ళెం పట్టుకొని, ఏం చేయాలో తోచక నిలబడింది. రెండడుగులు వేసి పళ్ళెం ఆమె ముందుకు చాపింది. ఆమె తీసుకోలేదు.

"నువ్వే పట్టు అక్కా. నేను పాడుత."

అని, నా పాదం కోసం చూడకుండా, తానే ఎత్తుకుంది. పదేళ్ళు నా వెనక వచ్చిన గొంతు ముందుకు వచ్చింది. కొంచెం బొంగురు పోయింది. నేను ఒక్క క్షణం ఆగి, తర్వాత వంత అందుకున్నాను. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకు తెలియదు. రెండుచోట్ల తప్పాను.

ఆచారం ఆచారమే. మాట రాసినవాడు, వేషం కట్టినవాడు ఒక్కడే కాబట్టి, నా ముఖం నేనే తుడుచుకోవాలి. గుడి వెనక కుళాయి దగ్గరకు పోయి కోరా గుడ్డ తడిపాను. నుదుటి మీద ఒకసారి, చెంపల మీద ఒక్కోసారి. గుడ్డ తెల్లగానే ఉంది. పిండితే నీళ్ళు నీళ్ళలాగే పోయాయి. దోషం నాకు అన్న మాట నోటిదాకా వచ్చి, ఇదివరకు ఎన్నిసార్లు ఎంత తేలిగ్గా అన్నానో గుర్తొచ్చి, అక్కడే ఆగింది.

ఆమె వెళ్ళిపోవడానికి చెప్పుల కోసం అటువైపు వచ్చింది. నన్ను, గుడ్డను చూసింది.

"అయిపోయిందా?"

"మూడుసార్లు తుడిచిన."

"చెవుల ఎనక గూడ తుడుచుకోండ్రి బావా" అంది చెప్పులు వేసుకుంటూ. "ఆడనే ఉండిపోతది."

వచ్చే శనివారం వస్తుందో రాదో అడగలేదు. ఆమె గేటు దాటేదాకా ఆగి, గుడ్డ మళ్ళీ తడిపాను.